అంగడిలోని యంత్రము – రైతు లెక్క

పంట పండించుట ఒక ఎత్తు, దానిని అమ్ముకొనుట ఒక ఎత్తు. నేడు అమ్మకములోనికి కంప్యూటర్ కూడ వచ్చి చేరినది. పెద్ద దుకాణములకు సరకు పంపు రైతులును, రైతు సంఘములును ముందుగా తేల్చుకొనవలసిన సంగతులు రెండు. యంత్రము ఖర్చు ఎవరు భరింతురు? దాని వలన తెలియు సమాచారము ఎవరి చేతికి వచ్చును? ఇతరుల అనుభవము ఇందుకు దారి చూపును.

లెక్క పంచుకొన్నచో

అమెరికాలో వాల్‌మార్ట్ అను దుకాణముల సంస్థ 1987లో తన దుకాణములను, గిడ్డంగులను ఉపగ్రహము ద్వారా కలిపినది. సబ్బులు, పసిపిల్లల డయపర్లు చేయు ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీతో దానికి అంతకు పూర్వము బేరముల తగవులే ఎక్కువ. 1988 నుండి ఇరువురును కలిసి పనిచేయసాగిరి. ఏ సరకు ఎంత అమ్ముడైనదో తయారీదారునికే నేరుగా తెలియుటచే, నిలువ తరుగకముందే సరకు పంపుటకు వీలయ్యెను. ఇరువురికిని ఖర్చు తగ్గినది. 1991లో రిటైల్ లింక్ అను ఏర్పాటుతో ఇతర సరఫరాదారులకును తమ తమ సరకుల అమ్మకపు లెక్కలు చూపసాగిరి.

ఖర్చు ఒకరిపై పడినచో

అదే సంస్థ 2003లో, తన 100 మంది పెద్ద సరఫరాదారులు 2005 జనవరి నుండి పెట్టెలకు రేడియో చీటీలు అంటించి పంపవలెనని కోరినది. చీటీల ఖర్చు సరఫరాదారులపై పడినది. పలువురు సరకు పంపునప్పుడు చీటీ అంటించి ఊరకుండిరే కాని, తమ పనిలో దానిని వాడుకొనలేదు. కొన్నేండ్లకు ఆ పట్టుదల సడలినది.

మన దేశములో

ఐ.టి.సి. కంపెనీ 2000 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని సోయా గ్రామములలో ఇ-చౌపాల్ ప్రారంభించినది. కంప్యూటరును కంపెనీయే సమకూర్చి, గ్రామములోని ఒక రైతు ఇంట ఉంచినది. మార్కెట్ ధరలు, వాతావరణ వివరములు అక్కడ ఉచితముగ తెలిపిరి. రైతు ధర తెలిసికొని, ఇష్టమైనచో కంపెనీ కేంద్రమునకు, లేనిచో మండీకి సరకు తోలుకొనిపోవచ్చును. కేంద్రములో ఎలక్ట్రానిక్ కాటాపై తూచిరి. మండీకి బండి కట్టిన పిదప ఏ ధరకైనను అమ్మక తప్పదను ఇబ్బంది ఇందువలన తగ్గినది. కంపెనీకిని మధ్యవర్తుల ఖర్చు తగ్గినది.

మామిడి ముక్కల పరీక్ష

దుకాణములోని మామిడి ముక్కల పొట్లము ఏ తోటదో కనుగొనుటకు వాల్‌మార్ట్ వారికి 6 రోజుల 18 గంటల 26 నిమిషములు పట్టినది. వివరములను ముందే బ్లాక్‌చెయిన్ పద్ధతిలో కంప్యూటరున కెక్కించి చూడగా 2.2 సెకండ్లు చాలినది. ఈ ఫలితమును 2017లో వెల్లడించిరి. మరుసటి సంవత్సరమే ఆకుకూరలు పంపువారందరును 2019 సెప్టెంబరు నాటికి ఇట్టి నమోదులో చేరవలెనని కోరిరి. మన దేశములో ఎగుమతి ద్రాక్షకు అపెడా సంస్థ 2006లోనే గ్రేప్‌నెట్ నమోదు ప్రారంభించినది. కాబట్టి పొలములోని లెక్కకు అంగడిలో విలువ కలదు.

రైతులు చేయవలసినవి

1. యంత్రము, చీటీలు, నమోదు ఖర్చు ఎవరిదో ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను.
2. సరకు ఎంత అమ్ముడైనది, ఎంత త్రిప్పి పంపిరి, ఏ కారణముచే అను లెక్క వారమునకొకసారి కోరవలెను.
3. విత్తిన తేది, చల్లిన మందు పేరు, మోతాదు, చల్లిన తేది, కోసిన తేది ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను.
4. ఒక్క కొనుగోలుదారునికే పనికివచ్చు యంత్రముపై అప్పుచేసి డబ్బు పెట్టరాదు. అతడు కొనుట మానినచో యంత్రము మూలబడును, అప్పు మిగులును.
5. పలువురు రైతులు సంఘముగా చేరి ఒకే యంత్రమును వాడుకొన్నచో ఖర్చు తగ్గును, బేరమున బలము పెరుగును.

గ్రామోద్యోగులు ఇట్టి ఒప్పందములను రైతులకు చదివి వినిపించి, వారికి అర్థమైన పిదపనే సంతకము చేయునట్లు చూడవలెను. కాటా సరిగా ఉన్నంత మాత్రమున వర్తకము సరిగా ఉండదు. లెక్క ఇరువురి కండ్లయెదుట ఉన్నప్పుడే సరకిచ్చినవానికిని, కొన్నవానికిని మేలు కలుగును.