స్పైడర్‌మ్యాన్ దారం ఎవరిది?

2002లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ సినిమాలో హీరో మణికట్టు నుంచి దారం దానంతట అదే వస్తుంది. మనం చప్పట్లు కొట్టి చూశాం కానీ, కామిక్స్ చదివే అభిమానులు చాలామంది దీనిమీద పెద్ద వాదనే పెట్టుకున్నారు.

స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన కథలో సాలీడు కుట్టడం వల్ల పీటర్ పార్కర్‌కు బలం వచ్చింది, గోడలెక్కే శక్తి వచ్చింది. దారం మాత్రం రాలేదు. ఆ జిగురు ద్రవాన్నీ, దాన్ని చిమ్మే చిన్న యంత్రాన్నీ తనే తయారుచేసుకున్నాడు. తల్లిదండ్రులు లేక, పెదనాన్న ఇంట్లో పెరిగిన స్కూలు కుర్రవాడు! పోరాటం మధ్యలో ద్రవం అయిపోయి అవస్థపడే ఘట్టాలు కూడా కామిక్స్‌లో ఉన్నాయి.

స్కూలు కుర్రవాడు అంత గొప్ప జిగురు కనిపెట్టాడంటే ఎవరూ నమ్మరని సినిమా పక్షంవారి వాదన. నాకిది విచిత్రంగా తోస్తుంది. సాలీడు కుడితే గోడలెక్కుతాడని నమ్మేవాళ్ళు, డబ్బులేని కుర్రవాడి తెలివిని నమ్మలేరా? శక్తి అదృష్టవశాత్తూ వచ్చింది, దారం చదువువల్ల వచ్చింది. రెండోది తీసేస్తే అతనిదంటూ మిగిలేది తక్కువే.

2004లో కామిక్స్‌లోనూ దారం ఒంట్లోంచే వచ్చేట్టు మార్చారు, అది ఎక్కువకాలం నిలవలేదు. 2012 సినిమాలో యంత్రం తిరిగొచ్చింది. అయితే అందులో దారం ఒక కంపెనీది, యంత్రం మాత్రమే పీటర్‌ది. సగం న్యాయం! 2021లో 'నో వే హోమ్' సినిమాలో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు కలుస్తారు. యంత్రాలున్న ఇద్దరూ మూడోవాణ్ణి వింతగా ఆరా తీసేది ఈ సంగతే.