ఏ నొప్పికి ఏ పరీక్ష?

ఎముకలోని కాల్షియం ఎక్స్ కిరణాలను అడ్డుకుంటుంది. అందుకే ఫిల్ము మీద ఎముక తెల్లగా, చుట్టూ ఉన్న కండ మసకగా పడతాయి. ఈ కిరణాలను 1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో భౌతిక శాస్త్రవేత్త రాంట్‌జెన్ కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే భార్య చేతిని చిత్రం తీస్తే వేళ్ళ ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. ఎముక విరిగిందా, కీలు తప్పిందా తేల్చడానికి నేటికీ మొదటి పరీక్ష ఇదే.

మృదులాస్థి (కీలు గుజ్జు), డిస్కు, లిగమెంటు, నరం మాత్రం ఎక్స్‌రేలో కనిపించవు. ఎక్స్‌రే చూసి మోకాలి గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పేది గుజ్జును చూసి కాదు, తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య సందు తగ్గడాన్ని బట్టి. కాబట్టి ఆ ఎక్స్‌రే మనిషిని నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే ఒంటి బరువు మోకాలి మీద పడదు, అరుగుదల ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. విరుగుళ్ళలోనూ కొన్ని దొంగవి ఉంటాయి. చెయ్యి ఆనించి కిందపడినప్పుడు మణికట్టులో బొటనవేలి వైపున్న చిన్న ఎముక చిట్లితే, మొదటిరోజు ఫిల్ములో ఆ పగులు పడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోకూడదు. నొప్పి తగ్గకపోతే 10 నుంచి 14 రోజులకు మళ్ళీ తీయించాలి, లేదా ఎంఆర్ఐ చేయించాలి.

తెలుగు జిల్లాలకు ఎక్స్‌రేతో ఒక అనుబంధం ఉంది. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు రాశారు. తర్వాత నల్లగొండ పేరు ఆ జబ్బుతో ముడిపడిపోయింది. నడుము బిగుసుకుపోయి వంగలేని మనిషిని వాతరోగి అనుకోవడం తేలిక. ఎక్స్‌రేలో వెన్నుపూసలు మామూలుకంటే దట్టంగా ఉండి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో కాల్షియం పేరుకుని కనిపిస్తే డాక్టరు చూపు తాగే నీటి వైపు మళ్ళుతుంది.

విరిగిన ఎముక ముక్కలు ఎటెటు జరిగాయో విడమరచి చూపేది సీటీ. డిస్కు, లిగమెంటు, వెన్నుపాము, ఎముక లోపలి మూలుగ చూడాలంటే ఎంఆర్ఐ కావాలి. ఇందులో రేడియేషన్ ఉండదు. ఇందులో వాడే అయస్కాంతం చాలా బలమైనది కాబట్టి పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో లోహపు ముక్కలు ఉన్నా ముందే చెప్పితీరాలి.

ఎంఆర్ఐతో వచ్చే చిక్కు, అది అవసరానికి మించి చూపించడమే. 1994లో అమెరికాలో నడుంనొప్పి ఎరగని 98 మందికి స్కానింగ్ చేస్తే, సగానికి పైగా మందిలో ఏదో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కూ మారుతుంది. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉన్నంతమాత్రాన నొప్పికి కారణం అదేనని కాదు, ఆపరేషన్ తప్పదని అంతకన్నా కాదు. కాలు ఎత్తించి చూడటం, బొటనవేలి బలం, మోకాలి దగ్గర సుత్తిదెబ్బకు స్పందన, తిమ్మిరి ఉన్న మేర, ఇవన్నీ స్కానులో కనిపించినదానితో సరిపడాలి. చేత్తో పట్టి చూడకుండానే స్కానింగ్‌కు రాసివ్వడం మంచి వైద్యం కాదు.

నరం ఎక్కడ నొక్కుకుందో ఎంఆర్ఐ చూపగలదు కానీ, ఆ నరం ఎలా పనిచేస్తోందో చెప్పలేదు. దానికి నెర్వ్ కండక్షన్ పరీక్ష ఉంది. బొటనవేలి మొదట్లోని కండ మీద ఎలక్ట్రోడు అతికించి, మణికట్టు దగ్గర చిన్న షాక్ ఇస్తారు. బొటనవేలు చటుక్కున అదురుతుంది. మళ్ళీ మోచేతి దగ్గర ఇస్తారు. ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, సంకేతం చేరిన సమయాల తేడాతో భాగిస్తే నరం వేగం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చేతి నరంలో అది సెకనుకు సుమారు 50 మీటర్లు, ఆపైన. మణికట్టు నుంచి వేలికి చేరడానికే ఆలస్యమైతే నరం మణికట్టులో నలుగుతోందని అర్థం. రాత్రిళ్ళు చేతులు తిమ్మిరెక్కి నిద్రలేచే ఎందరో ఆడవాళ్ళ బాధకు మూలం అదే.

కండలోకి సన్నని సూది దించి చేసే ఈఎంజీ కాస్త నొప్పిగానే ఉంటుంది. నరం తెగినా నలిగినా కండలో దాని గుర్తులు పూర్తిగా కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక, తొందరపడి చేయిస్తే తప్పుదారి పట్టవచ్చు. ఇంకో సంగతి, షుగరు రోగుల అరికాళ్ళ మంటకు కారణమయ్యే సన్న నరాలు ఈ పరీక్షలకు అందవు. రిపోర్టు నార్మల్ అని వచ్చినా ఆ మంట నిజమైనదే.

ఎముక సాంద్రతను కొలిచేది డెక్సా. అందులో వచ్చే టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. రక్తపరీక్షలు కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేవు. ఆరోగ్యవంతుల్లో కొందరికి కీళ్ళవాతానికి చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వస్తుంది, గౌట్ నొప్పి ముదిరి ఉన్నప్పుడే యూరిక్ యాసిడ్ మామూలుగా ఉండవచ్చు.

నడుంనొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో స్కానింగ్ అవసరం లేకుండానే సర్దుకుంటుంది. జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ ఉంటే మాత్రం పరీక్షలు వాయిదా వేయకూడదు. నడుంనొప్పితో పాటు కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా తెల్లవారేదాకా ఆగకండి. ఎంఆర్ఐ ఉన్న ఆసుపత్రికి ఆ గంటలోనే బయల్దేరండి.