కోఠి, ఆబిడ్స్, అఫ్జల్‌గంజ్ - ఆరు అంకెల దారి

హైదరాబాదు నగరం మధ్యలో మూసీ నది ఉంది. నదికి ఉత్తరం ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఉంది. దాని పక్కనే గౌలిగూడ. ఇంకొంచెం ముందుకు పోతే కోఠి, సుల్తాన్ బజారు. ఆ తరువాత ఆబిడ్స్. ఇవన్నీ ఒకదానికి ఒకటి ఆనుకునే ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లు నడిచే తిరుగుతారు.

ఇక్కడ పొద్దున నుండి రాత్రి దాకా జనమే జనం. పల్లెల నుండి ఎందరో వస్తారు. కొందరు ఆసుపత్రికి వస్తారు. కొందరు పిల్లల చదువు కోసం వస్తారు. పెళ్లి బట్టలు కొనేవాళ్లు కొందరు. దుకాణానికి సరుకు తీసుకుపోయేవాళ్లు కొందరు.

ఇలాంటి చోట చదువు రానివాళ్లు అడుగడుగునా ఇంకొకరిని అడగాలి. అడిగితే ఒకరు ఇటు అంటారు. ఇంకొకరు అటు అంటారు. బోర్డు చదవడం వస్తే ఆ బాధ సగం తీరుతుంది. బోర్డు కింద ఉన్న ఆరు అంకెలు కూడా చదవడం వస్తే మిగతా సగం తీరుతుంది. ఆ ఆరు అంకెలనే పిన్ కోడు అంటారు.

పిన్ కోడు ఎందుకు పుట్టింది?

మన దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులు ఉన్నాయి. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి. రామాపురాలు ఎన్నో. గాంధీనగర్‌లు ఎన్నో. హైదరాబాదులో గాంధీనగర్ ఉంది. విజయవాడలోనూ గాంధీనగర్ ఉంది. పైగా ఉత్తరాల మీద చిరునామాలు ఎన్నో భాషలలో ఉంటాయి. తెలుగులో రాసిన చిరునామాను పంజాబులో పోస్టు ఉద్యోగి ఎలా చదువుతాడు? అంకెలైతే అందరికీ అర్థమవుతాయి.

అందుకే 1972 ఆగస్టు 15న పోస్టు శాఖ పిన్ కోడును మొదలుపెట్టింది. దీన్ని రూపొందించిన అధికారి పేరు శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన సంస్కృతంలో కవి కూడా.

హైదరాబాదు గాంధీనగర్ పిన్ 500080. విజయవాడ గాంధీనగర్ పిన్ 520003. పేరు ఒకటే. అంకెలు వేరు. కాబట్టి ఉత్తరం దారి తప్పదు.

ఆరు అంకెలు ఏం చెబుతాయి?

పిన్ కోడులో ప్రతి అంకెకూ పని ఉంది.

మొదటి అంకె దేశంలో ఏ ప్రాంతమో చెబుతుంది. 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక.

మొదటి మూడు అంకెలు కలిపి చదివితే ఏ జిల్లా వైపు పోవాలో తెలుస్తుంది. 500 అంటే హైదరాబాదు. 505 కరీంనగర్ వైపు. 506 వరంగల్ వైపు. 508 నల్లగొండ వైపు. 509 మహబూబ్‌నగర్ వైపు. 515 అనంతపురం వైపు. 520 విజయవాడ. 524 నెల్లూరు వైపు. 532 శ్రీకాకుళం వైపు.

చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయి. ఆ పోస్టాఫీసు నుండే పోస్టుమాన్ ఉత్తరం పట్టుకుని బయలుదేరుతాడు.

అంటే పిన్ కోడు వీధిది కాదు. ఇంటిది కాదు. ఉత్తరం పంచే పోస్టాఫీసుది. ఈ మాట గుర్తుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

బస్టాండు నుండి బయలుదేరితే

పల్లెల నుండి వచ్చే బస్సులు చాలావరకు గౌలిగూడ దగ్గర మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ఆగుతాయి. దీన్నే ఇమ్లీబన్ బస్టాండు అంటారు. మెట్రో రైలు స్టేషన్ కూడా అక్కడే ఉంది. గౌలిగూడ పిన్ 500012.

అక్కడికి దగ్గరలోనే అఫ్జల్‌గంజ్. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఉంది. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. పక్కనే బేగంబజార్. అక్కడ గిన్నెలు, మసాలా దినుసులు, ఎండు పండ్లు టోకున అమ్ముతారు. ఈ చోట్లకూ పిన్ 500012.

అటు నుండి కోఠికి పోవచ్చు. కోఠి అంటే పెద్ద భవనం. ఇంగ్లీషువాళ్ల కాలంలో వాళ్ల ప్రతినిధి ఉండే రెసిడెన్సీ భవనం ఇక్కడ ఉంది. ఆ భవనం వల్లనే ఈ చోటుకు ఆ పేరు వచ్చింది. ఆడపిల్లల కోసం 1924లో మొదలైన కాలేజీ 1949లో ఈ ఆవరణకు వచ్చింది. అదే కోఠి ఉమెన్స్ కాలేజీ. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ తన భూమి కోసం దొరకు ఎదురు నిలిచిన మహిళ. ఒకప్పుడు దొరలు ఉన్న కోటలాంటి చోట నేడు ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

ఉస్మానియా మెడికల్ కాలేజీ, చెవి ముక్కు గొంతు ఆసుపత్రి కూడా కోఠిలోనే ఉన్నాయి. సుల్తాన్ బజారులో కాన్పుల ఆసుపత్రి ఉంది. చీరలు, గాజులు, జాకెట్టు గుడ్డలు కొనడానికి ఆడవాళ్లు ఆ బజారుకే వస్తారు. కోఠి, సుల్తాన్ బజారు పిన్ 500095.

కోఠి నుండి పడమటి వైపు పోతే ఆబిడ్స్ వస్తుంది. ఆబిడ్ అనే ఆయన ఆరవ నిజాం దగ్గర పనిచేసేవాడు. ఆయన ఇక్కడ దుకాణం పెట్టాడు. అందుకే ఈ చోటుకు ఆ పేరు. ఆదివారం ఇక్కడ రోడ్డు పక్కన పాత పుస్తకాలు అమ్ముతారు. హైదరాబాదు పెద్ద పోస్టాఫీసు ఆబిడ్స్‌లోనే ఉంది. దాన్ని జి.పి.ఓ. అంటారు. దాని పిన్ 500001. నాంపల్లి రైల్వే స్టేషన్‌కూ ఇదే పిన్.

ఇక అఫ్జల్‌గంజ్ నుండి నయాపూల్ వంతెన మీదుగా మూసీ దాటితే పాత బస్తీ. అక్కడ సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ ఉన్నాయి. చార్మినార్‌ను 1591లో కట్టారు. వాటి పిన్ 500002.

నది ఒక ఒడ్డున ఒక అంకె. వంతెన దాటితే ఇంకో అంకె.

సున్నా చోటు మారితే

హైదరాబాదు పిన్‌లలో సున్నాలు ఎక్కువ. సున్నాకు విలువ లేదని అనుకోరాదు. దాని చోటు మారితే ఉత్తరం చోటు మారుతుంది.

500001 అంటే ఆబిడ్స్. 500010 అంటే బొలారం. అది సికింద్రాబాదు దాటి ఉంది.

500002 అంటే చార్మినార్. 500020 అంటే ముషీరాబాద్.

500003 అంటే సికింద్రాబాద్. 500030 అంటే రాజేంద్రనగర్. ఒకటి నగరానికి ఉత్తరాన. ఒకటి దక్షిణాన.

500095 అంటే కోఠి. 500059 అంటే సైదాబాద్.

అందుకే పిన్‌ను ఒక్క ఊపున చదవరాదు. మూడు మూడు అంకెలుగా విడదీసి చదవాలి. కోఠి పిన్‌ను ఇలా చదవాలి: అయిదు, సున్నా, సున్నా. ఆగాలి. సున్నా, తొమ్మిది, అయిదు.

ఒక తల్లి చేసిన పని

నల్లగొండ జిల్లాలో ఒక తల్లి. ఆమె కూతురు కోఠిలో చదువుతూ హాస్టలులో ఉంటుంది. ఒకనాడు కూతురు ఫోను చేసింది.

"అమ్మా, నా కుల ధ్రువపత్రం అసలుది కావాలె. సోమవారం లోపల ఇయ్యకపోతే స్కాలర్‌షిప్ రాదు. స్పీడ్ పోస్టులో పంపు. చిరునామా చెప్తా, రాసుకో."

తల్లి రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. గోడకు ఉన్న క్యాలెండరు వెనుక చిరునామా రాసుకుంది. పిన్ కూడా రాసుకుంది. కూతురుకు మళ్లీ చదివి వినిపించింది.

కవరు మీద ఇంగ్లీషులో రాయమని పక్కింటి పిల్లవాడిని అడిగింది. వాడు గబగబా రాసి ఇచ్చాడు. తల్లికి ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ అంకెలు వచ్చు. క్యాలెండరు కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసింది.

"బిడ్డా, ఇక్కడ 59 ఉంది. నా కాగితంలో 95 ఉంది."

"అంకెలు అవ్వే కద పెద్దమ్మా! ఏమైతది?"

"అంకెలు అవ్వే. ఊరు అది కాదు. మళ్లీ రాయి."

వాడు నవ్వి కొట్టేసి సరిగా రాశాడు. పోస్టాఫీసులో రసీదు ఇచ్చారు. రసీదు మీద కూడా పిన్ ఉంటుంది. ఆమె అక్కడే నిలబడి దాన్ని కూడా చూసుకుంది. ఆ తరువాతనే ఇంటికి వచ్చింది.

ఆ కవరు సైదాబాద్ పోయి ఉంటే? అక్కడ ఆ హాస్టలు లేదు. పోస్టువాళ్లు మళ్లీ కోఠికి పంపేవాళ్లు. దానికి రెండు మూడు రోజులు పట్టేది. సోమవారం దాటేది. ఒక పిల్ల ఏడాది స్కాలర్‌షిప్ రెండు అంకెల మీద ఆధారపడింది. ఆ రెండు అంకెలను పట్టుకున్నది తల్లి చదువే.

చిరునామా ఎలా రాయాలి?

కవరు మీద ముందు మనిషి పేరు రాయాలి. తరువాత ఇంటి నంబరు. తరువాత వీధి. తరువాత పేట. తరువాత నగరం. చివర పిన్.

హైదరాబాదులో ఇంటి నంబరు మధ్యలో చిన్న గీతలు ఉంటాయి. మొదటి అంకె వార్డు. రెండవది బ్లాకు. మూడవది ఇల్లు. ఆ గీతలు వదిలేస్తే ఇల్లు దొరకదు.

పంపేవాళ్ల చిరునామా కూడా రాయాలి. కవరు చేరకపోతే అది తిరిగి రావడానికి అదే ఆధారం. పల్లె చిరునామాలో ఇంకో సంగతి ఉంది. చాలా పల్లెలకు కలిపి ఒకే పిన్ ఉంటుంది. కాబట్టి పిన్ ఒక్కటే రాస్తే చాలదు. ఊరి పేరు, పోస్టు, మండలం, జిల్లా తప్పక రాయాలి.

ఒకే పేటలో రెండు పిన్‌లు కూడా ఉండవచ్చు. రోడ్డుకు ఇటువైపు ఇళ్లకు ఒక పోస్టాఫీసు, అటువైపు ఇళ్లకు ఇంకో పోస్టాఫీసు ఉంటే అలా జరుగుతుంది. కాబట్టి పేట పేరు చూసి పిన్ ఊహించరాదు. ఉత్తరం అందుకునేవాళ్లనే అడగాలి. లేదా పోస్టాఫీసులో అడగాలి. అడిగితే చెప్పడం వాళ్ల పని.

ఇదివరకు ముఖ్యమైన కాగితాలను రిజిస్టర్డ్ పోస్టులో పంపేవారు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టు రసీదును కవరు చేరేదాకా దాచుకోవాలి. దాని మీద ఉన్న నంబరుతో కవరు ఎక్కడుందో తెలుసుకోవచ్చు.

రెండు రకాల పిన్‌లు

ఇది చాలా ముఖ్యం. పోస్టు పిన్ వేరు. బ్యాంకు పిన్ వేరు.

పోస్టు పిన్ ఊరందరికీ తెలిసిందే. దాన్ని ఎవరికైనా చెప్పవచ్చు.

ఏ.టి.ఎం. కార్డుకు ఒక పిన్ ఉంటుంది. ఫోనులో డబ్బు పంపడానికీ ఒక పిన్ ఉంటుంది. అవి ఇంటి తాళంచెవి లాంటివి. వాటిని ఎవరికీ చెప్పరాదు. బ్యాంకువాళ్లమని ఫోను చేసినా చెప్పరాదు.

ఎవరైనా ఫోనులో "పిన్ చెప్పమ్మా" అంటే ముందు "ఏ పిన్?" అని అడగాలి. ఊరి పిన్ అయితే చెప్పవచ్చు. డబ్బు పిన్ అయితే ఫోను పెట్టేయాలి.

గుర్తుంచుకోవలసినవి

ఆబిడ్స్, నాంపల్లి - 500001
చార్మినార్ - 500002
అఫ్జల్‌గంజ్, గౌలిగూడ, బేగంబజార్ - 500012
కోఠి, సుల్తాన్ బజారు - 500095

చదివి, రాయండి

1. మీ ఊరి పిన్ కోడు ఎంత? మొదటి మూడు అంకెలు ఏ జిల్లాను చెబుతున్నాయి?
2. 500003కు, 500030కి తేడా ఏమిటి?
3. పక్కింటి పిల్లవాడు రాసిన చిరునామాలో తప్పును తల్లి ఎలా కనిపెట్టింది?
4. ఏ పిన్ ఇతరులకు చెప్పవచ్చు? ఏది చెప్పరాదు?
5. మీ చుట్టాలు ఉన్న ఊరి చిరునామాను పిన్‌తో సహా ఒక కార్డు మీద రాయండి. రాసినది పక్కన కూర్చున్న అక్కతో చదివించండి.