అక్షరమాలలోని బొమ్మలు

అక్షరములు నేర్చినవారిలో చాలమంది మొదట చూచినది అక్షరమును కాదు, దాని ప్రక్కనున్న బొమ్మను. అ అనగానే అమ్మ, ఆ అనగానే ఆవు, ఇ అనగానే ఇల్లు, ఈ అనగానే ఈగ స్ఫురించుట ఆ బొమ్మల చలవయే. పెద్దవారమైన పిమ్మట మనమా పుస్తకమును మరల తెరచి చూడము. బిడ్డ దానితో కుస్తీపట్టుచుండగా “ఇంతమాత్రము రాదా?” అని గద్దించి ఊరకుందుము. ఒక్కసారి పరీక్షకుని కంటితో దాని పుటలు త్రిప్పినచో నవ్వు వచ్చును. నవ్విన తరువాత కొంత ఆలోచనయు కలుగును. ఈ వ్యాసమున మేము చేయబూనినది అదియే.

మొదటి వింత కొలతలది. బొమ్మల అక్షరమాలలో ప్రతి అక్షరమునకును ఒక గడి కలదు. ఈగకు ఎంత గడియో ఏనుగునకును అంతే గడి. చిత్రకారుడు పక్షపాతము లేనివాడు. రెండింటిని గడి నిండ వ్రాసెను. కావున ఆ లోకమున ఈగ ఏనుగంత యుండును. ఎలుక ఇల్లంత యుండును. పాత అచ్చుపుస్తకములలో సిరా ఎక్కువై గీతలు కూరుకొనిపోయినచో ఉడుత వీపుమీది చారలు మాయమగును. అప్పుడు ఉ దగ్గర నున్నది ఉడుతయో ఎలుకయో తోకను చూచి తేల్చుకొనవలసినదే.

కొన్ని బొమ్మలు తమ పేరు తామే చెప్పుకొనలేవు. ఋ దగ్గర గడ్డము పెంచిన పెద్దమనిషి ఒకడు కూర్చుండియుండును. పుస్తకము ఆయనను ఋషి యనును. బిడ్డ తాత యనును. ఔ దగ్గర ఒక సీసా యుండును, అది ఔషధమట. బిడ్డ దానిని సీసా యనును, లేదా మందు అనును. రెండును నిజమే, కాని రెంటిలోను ఔ లేదు. ఐదు అను మాటకు బొమ్మ దొరకక అంకె వేసి ఊరకున్నవారును కలరు. అమ్మ బొమ్మ సంగతి మాత్రము వేరు. ఆ చీర కట్టిన స్త్రీని చూచి బిడ్డ అక్క అనినను, అత్త అనినను అ దగ్గరకే చేరును. అక్కడ అదృష్టము మన పక్షమున నున్నది.

హల్లులలోనికి వచ్చినచో వింత ముదురును. అక్కడ మన ఊరి జంతువులు సంస్కృతపు ఉత్తరీయములు కప్పుకొని కూర్చుండును. గాడిద ఖరమగును, చేప ఝషమగును, ఎలుగుబంటి భల్లూకమగును. సంతకు పోయి “ఒక కిలో ఝషము ఇమ్ము” అని అడిగినవారిని మేమెన్నడును చూడలేదు. అయినను పుస్తకము కూర్చినవారిని నిందింపరాదు. ఖ, ఘ, ఝ, భ వంటి ఒత్తక్షరములు అచ్చతెనుగు పలుకులకు చెందినవి కావు. అవి ముఖ్యముగా సంస్కృతపదములతో మన భాషలోనికి వచ్చినవి. చెన్నపట్టణమున తెలుగు పండితుడై యుండిన పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50 వర్ణములనియు, తెలుగునకు 36 మాత్రమే యనియు లెక్క చెప్పెను. గడిని ఖాళీగా విడువలేక సంస్కృతము నుండి జంతువులను అరువు తెచ్చుకొనవలసి వచ్చినది. ఇక ణకారముతో మొదలగు మాట మన వాడుకలో లేదు. అందుచే వీణనో బాణమునో చూపి, మాట లోపలి అక్షరమును గమనింపుమందురు. అంతవరకు మొదటి అక్షరమునే చూచుట నేర్చిన బిడ్డ వీణను చూచి వ అనినచో అందులో తప్పేమి?

ఇంతవరకు చెప్పినవి తెలుగు పిల్లలందరికిని ఎదురగు చిక్కులు. హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము వంటి చోట్ల పెరుగు మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. బొమ్మను చూడగానే బిడ్డ నోట వచ్చు మొదటి మాట తెలుగే కావలెనను నియమము లేదు. తోడిపిల్లలతో వీధిలో ఆడుకొను భాషలోని మాట ముందుగా రావచ్చును.

ఏనుగును తీసికొనుడు. కన్నడపు వీధిలో పెరుగు బిడ్డ దానిని ఆనె యనును. అక్షరము ఆ యగును. తమిళపు వీధిలోని బిడ్డ యానై యనును. అచ్చులను దాటి యకారమునకు పోవును. మరాఠీలో హత్తీ, ఒడియాలో హాతీ. అచ్చట అది అక్షరమాల కొసనున్న హకారమును చేరును. ఏ దగ్గర కట్టివేసిన ఏనుగు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క దిక్కునకు నడచిపోయినది. ఉడుత కన్నడమున అళిలు, తమిళమున అణిల్. రెండును దానిని ఉ నుండి అ గడికి లాగుకొనిపోవును. ఎలుక తమిళమున ఎలి కావున తన గడిలోనే నిలిచినది. కన్నడమున ఇలి యగుటచే ఇల్లు ఉన్న గడిలోనికి దూరినది. ఎలుకకు అది సహజమే! అమ్మ కన్నడ తమిళములలో మనకు దగ్గరగనే యున్నది. మరాఠీలో ఆయీ యై ఆవు ప్రక్కకు పోయి నిలిచినది. అన్నింటికంటె విశ్వాసము గలది ఒంటె. మన యిండ్లలో ఎవరును పెంచని ఆ జంతువు కన్నడమున ఒంటెయే, తమిళమున ఒట్టగము. రెండుచోట్లను తన గడిని విడువలేదు.

నవ్వు చాలించి ఆలోచింపవలసిన చోటు ఇదియే. ఏనుగు బొమ్మను చూచి ఆ అనిన బిడ్డకు బడిలో తప్పు పడును. “వీనికి తెలుగు ఎక్కదు” అని ఇంటిలో పెద్దలందురు. ఆ మాట రెండు మూడుసార్లు విన్న బిడ్డ తానును అట్లే నమ్మును. తరువాత వానిని వేరొక మాధ్యమపు బడికి మార్చుట యెంతసేపు? నిజమునకు ఆ బిడ్డ చేసినదేమి? బొమ్మను సరిగా గుర్తించెను. దానికొక పేరు సరిగా చెప్పెను. ఆ పేరులోని మొదటి ధ్వనిని సరిగా విడదీసెను. మూడు పనులును సక్రమముగనే జరిగినవి. మాట మాత్రము పొరుగు భాషది. ఇది మందబుద్ధి లక్షణము కాదు. ఆ బిడ్డకు కావలసినది దండన కాదు, ఒక్క తెలుగు మాట.

ఇచ్చట ఉపాధ్యాయులకును ఒక జాగ్రత్త అవసరము. పుస్తకములో లేని ప్రతి మాటయు పరభాషాపదము కాదు. తాళము బొమ్మను చూచి బీగము అనిన బిడ్డను కన్నడము మాటలాడుచున్నావని మందలించుట తగదు. కన్నడమున బీగ అను మాట యున్నది నిజమే. కాని రాయలసీమ తెలుగువారును బీగమనియే యందురు. కొబ్బరికాయను టెంకాయ యనుటయు అట్టిదే. పుస్తకము కూర్చినవారి ఊరిలో ఆ మాటలు వాడుకలో లేకపోవచ్చును. అంతమాత్రమున అవి తెలుగు కాకపోవు.

బొమ్మకును మాటకును గల ఈ తగవు క్రొత్తది కాదు. పిల్లల బొమ్మల పుస్తకములలో మిక్కిలి పేరుగన్న తొలినాటి పుస్తకము 1658లో జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున వెలువడినది. దానిని రచించినవాడు కొమేనియస్ అను విద్యావేత్త. అందు 150 పాఠములు కలవు. బొమ్మలలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలకు సరిపడునట్లు లాటిను, జర్మను భాషలలో పేర్లు వ్రాసిరి. అక్షరములు నేర్పుటకు ఆయన వస్తువుల పేర్లకు బదులు జంతువుల కూతలను ఎన్నుకొనెను. కాకి ఒక అక్షరమును, గొర్రె మరియొక అక్షరమును అరచి చెప్పును. ఉపాయము చక్కనిదే, కాని కూతలును భాషను తప్పించుకొనలేకపోయినవి. ఆయన పుస్తకములోని పిల్లి నకారమును పలుకును. మన పిల్లి మ్యావుమనును గాన మకారమునకు పోవలసియుండును. ఆయన కప్ప కోయాక్స్ అనును. మన కప్ప బెకబెకమనును.

ఆ కొమేనియస్ మాతృభాష చెక్కు. మతవైరముల వలన 1628లో స్వదేశమును విడిచి, 1670లో పరదేశముననే మరణించెను. ఆయన పుస్తకపు తొలి ముద్రణలో చెక్కు మాట లేదు. 1685లో లెవోచా అను పట్టణమున వెలువడిన ముద్రణలో లాటిను, జర్మను, హంగేరియను భాషలతోపాటు చెక్కు కూడ చేరినది. అప్పటికి ఆయన పోయి 15 ఏండ్లు. బొమ్మ తనంతట తాను ఏ భాషయు మాటలాడదు. దాని ప్రక్కన మన మాటను ఉంచువారు ఉన్నప్పుడే అది మన భాష పలుకును.

మన యిండ్లలో ఆ పని చేయవలసినవారు తల్లిదండ్రులు. ఇందులకు పాండిత్యము అక్కరలేదు. అక్షరమును చేతితో మూసి, బొమ్మను మాత్రము చూపి, దానికి తెలిసిన పేర్లన్నియు బిడ్డచేత చెప్పింపుడు. కన్నడపు మాట వచ్చినను, తమిళపు మాట వచ్చినను వారింపకుడు. తరువాత “మన తెలుగులో దీనిని ఏనుగు అందుము” అని చెప్పి, రెండు మూడుసార్లు పలికించి, అటుపిమ్మట చేయి తీసి అక్షరమును చూపుడు. మాట ముందు, అక్షరము వెనుక. చదువురాని అవ్వ కూడ ఈ పాఠము చెప్పగలదు. పాత మాటలు ఆమెకు తెలిసినన్ని మనకు తెలియవు.

పై తరగతుల విద్యార్థులకును ఇందులో పని కలదు. ఒక నోటుపుస్తకమున మీ ఇంటి బొమ్మల అక్షరమాలను మీరే వ్రాయుడు. గ దగ్గర గంప, చ దగ్గర చేట, ట దగ్గర టెంకాయ, ర దగ్గర రోలు ఉండవచ్చును. బొమ్మ వంకరయైనను చింత లేదు. ఈగను ఏనుగంత వ్రాసినవారికంటె మీరు పెద్ద తప్పు చేయజాలరు. ప్రతి బొమ్మ క్రింద తెలుగు మాటను పెద్ద అక్షరములతోను, పొరుగు భాష మాటను చిన్న అక్షరములతోను వ్రాసినచో రెండు భాషల పుస్తకము సిద్ధమగును.

మన రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని చెప్పుచున్నది. బడి, ఉపాధ్యాయుడు, పుస్తకము ఆ అధికరణము పేరిట అడుగదగినవి. ఏనుగును ఏనుగని మొదటిసారి బిడ్డ చెవిని వేయుట మాత్రము ఏ ప్రభుత్వమును చేయలేదు. అది ఈ సాయంకాలము మన వాకిటనే కావలసిన పని.