బంక కోసం కట్టిన కోట

మెస్తా సందుల్లో మిట్టమధ్యాహ్నం కూడా చాలాచోట్ల ఎండ నేలకు దిగదు. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. సందు మీద రాతి కమాను, ఆ కమాను మీద మళ్లీ ఎవరిదో గది. రెండు మలుపులు తిరిగేసరికి వచ్చిన దారేదో అంతుపట్టదు. పట్టకూడదనే అలా కట్టారు.

ఏజియన్ సముద్రంలో, టర్కీ తీరానికి ఎదురుగా ఉన్న గ్రీకు దీవి ఖియోస్. రేవు పట్నం నుంచి నైరుతిగా సుమారు 35 కిలోమీటర్లు పోతే మెస్తా. ఊరి చివరి వరస ఇళ్ల వెనక గోడలే కోటగోడ. పూర్వం ఆ గోడకు బయటివైపు కిటికీ అన్నది ఉండేది కాదు. డాబాలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు: దొంగలు జొరబడితే జనం డాబాల మీదుగా పరుగెత్తి ఊరి నడుమ ఉన్న బురుజులోకి చేరేవారు. ఆ బురుజు ఇప్పుడు లేదు. 19వ శతాబ్దంలో అక్కడ పెద్ద చర్చి లేచింది.

సముద్రపు దొంగల భయంతో కట్టారని గైడ్లు చెబుతారు. అది సగం మాటే అనిపిస్తుంది నాకు. 1346 నుంచి 1566 దాకా దీవిని ఏలింది జెనోవా వర్తకులు. వాళ్ల కన్నంతా మస్తిహా అనే బంక మీద. దాన్ని దొంగిలిస్తే తూకాన్ని బట్టి చెవి కోయడం దగ్గర్నుంచి ఉరి దాకా శిక్షలుండేవట. ఆ గోడ బయటివాళ్లను ఆపినంతగా లోపలివాళ్లనూ కాపలా కాసి ఉంటుంది.

మస్తిహా చెట్టు పిస్తా జాతిది. మనిషెత్తుకు కాస్త మించిన, వంకర మొదళ్ల పొద. మధ్యధరా తీరాల్లో దీని చుట్టాలు చాలానే ఉన్నా, వ్యాపారానికి సరిపడా బంక ఇచ్చేది దక్షిణ ఖియోస్ చెట్లే. ఎండాకాలంలో చెట్టు కింద చీపురుతో ఊడ్చి, చదును చేసి, తెల్ల సుద్దమన్ను పరుస్తారు. తర్వాత బెరడుకు చిన్న చిన్న గాట్లు పెడతారు. గాటులోంచి ఊరిన బొట్లు కొన్ని బెరడుకే అంటుకుంటాయి, కొన్ని సుద్ద మీద రాలతాయి. రెండు మూడు వారాలకు గట్టిపడ్డాక ఏరుకొస్తారు. గ్రాముల లెక్కన రాలే ఈ పంటకు అసలు చాకిరీ ఇంటికొచ్చాకే. జల్లించి, కడిగి, ఆరబెట్టి, ఒక్కో పలుకూ చేతిలోకి తీసుకుని చిన్న కత్తి మొనతో మట్టీ పెచ్చూ గీకుతారు. చలికాలమంతా ఆడవాళ్ల పని ఇదే. పలుకు నోట్లో వేసుకుంటే ముందు పటుక్కున చితుకుతుంది, చేదు తగులుతుంది. కాసేపు నమిలితే తెల్లగా మెత్తబడి దేవదారు వాసనేస్తుంది. యునానీ వైద్యం తెలిసిన హైదరాబాదీలకు ఇది కొత్తేం కాదు: జవారిష్ మస్తగీలో పడే రూమీ మస్తగీ ఇదే.

జెనోవా వాళ్ల తర్వాత దీవిని ఏలింది ఒట్టోమన్లు. 1822లో తమ మీద లేచిన తిరుగుబాటు అణచడానికి వచ్చిన వాళ్ల సేనలు దీవిలో వేలమందిని ఊచకోత కోశాయి, వేలమందిని బానిసలుగా అమ్మేశాయి. మస్తిహా ఊళ్లు చాలామటుకు బతికి బయటపడ్డాయి. సుల్తాను అంతఃపురానికి బంక ఆగకూడదు కదా! 2012 ఆగస్టులో అంటుకున్న కార్చిచ్చు ముందు మాత్రం ఏ పలుకుబడీ పనిచేయలేదు. ఎన్నో తోటలు బూడిదయ్యాయి. రెండేళ్లకు యునెస్కో ఈ సాగు విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కాలిన తోటలు మాత్రం అంత తొందరగా తిరిగి రావు: కొత్తగా చెట్టు నాటితే గాటు పెట్టడానికి అయిదేళ్లయినా ఆగాలి.

ఊరు చూడ్డానికి గంట చాలంటారు. ఆ మాట నమ్మకండి. చర్చి ముందు చావడిలో కూర్చుని ‘సబ్‌మెరీన్’ అడగండి. చల్లటి నీళ్ల గ్లాసులో చెంచాతో ముంచిన తెల్లటి మస్తిహా పాకం ఇస్తారు. పాకం చప్పరిస్తూ నీళ్లు తాగాలి. పెద్దాళ్లకైతే అత్తిపళ్ల నుంచి తీసే సూమా సారా ఉంది, ఘాటెక్కువ.

సందడి కావాలనుకుంటే ఈస్టరు ముందటి ఉపవాసాలు మొదలయ్యే సోమవారం వెళ్లాలి. ఊళ్లో ఒకాయన తలపాగా చుట్టి ఆగా, అంటే ఒట్టోమన్ అధికారి, వేషం కడతాడు. భటులు జనాన్ని ఈడ్చుకొస్తారు. ‘నీ మీసం వంకరగా ఉంది’ లాంటి నేరాలకు విచారణ, అక్కడికక్కడే జుల్మానా. వసూలైన సొమ్ము ఊరి పనులకే. చూడ్డానికి వచ్చిన పరాయివాళ్లనూ వదలరు కాబట్టి జేబులో కాస్త చిల్లర ఉంచుకుని వెళ్లడం మంచిది.