సలాంకు జవాబు రాలేదా?

మండపేటలో ఓ యువకుడు ఐఫోన్ మాని ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాడనుకుందాం. సిమ్ అదే, నంబరూ అదే. కువైట్‌లో ఉన్న బాల్యమిత్రుడు తన ఐఫోన్ నుంచి ‘ఈద్ ముబారక్’ పంపాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ సలాం పంపాడు. అదే మౌనం. ‘సలాంకైనా జవాబివ్వడా!’ అని అక్కడ ఒకరు, ‘పండుగకైనా పలకరించలేదే!’ అని ఇక్కడ ఒకరు నొచ్చుకున్నారు. తప్పెవరిది?

ఇద్దరిదీ కాదు. యాపిల్ సంస్థ 2011లో ఐమెసేజ్‌ను ప్రవేశపెట్టింది. ఐఫోన్ల మధ్య సందేశాలు ఎస్సెమ్మెస్‌గా కాక ఇంటర్నెట్ మీదుగా వెళ్లేది దీనిద్వారానే. నంబరు ఇంకా అందులో నమోదై ఉంటే సందేశం ఆ పాత దారినే పట్టి, కొత్త ఫోనుకు చేరకపోవచ్చు.

అందుకే పాత ఐఫోన్‌ను పక్కన పెట్టే ముందే సెట్టింగ్స్‌లో ఐమెసేజ్‌ను ఆపివేయాలి. ఫోను చేతిలో లేకున్నా నమోదును రద్దు చేసుకునే వీలును 2014లో యాపిల్ తన వెబ్‌సైట్‌లో కల్పించింది. వాట్సాప్ వాడేవారికి ఈ బెడద లేదు. అది రెండు రకాల ఫోన్లలోనూ పనిచేస్తుంది.

జవాబు రాలేదని అలిగే ముందు ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడండి. ఏళ్లనాటి స్నేహాన్ని ఒక సెట్టింగుకు బలి చేయడం న్యాయమా?