సంత బందయితే పొయ్యి బందయితది

లాక్‌డౌన్ ముచ్చట ఇప్పుడెందుకు అనుకోవద్దు. మన షోలాపూర్ పేటల్లో మిల్లు, మగ్గం విడిచినోళ్లు చాలామంది సంతలో గోనెపట్ట పరుచుకొని బతుకుతున్నరు. నా మిల్లు మూతపడ్డంక మా ఇంటామె ఆకుకూరల గంపే మమ్మల్ని సాకింది.

2020 మార్చి 25 నుంచి దేశమంతా బందు. కూరగాయలు అమ్మొచ్చు గాని వారపు సంత కూడొద్దన్నరు. గంపోళ్లకు సంతే కదా దుకాణం! బస్సులు లేవు, మండీకి పోదామంటే దారిలో పోలీసులు.

ఈ బేరం లెక్క బయటోళ్లకు తెల్వదు. మా ఇంటామె పొద్దున 1,000 రూపాయల అప్పు రాసిస్తే చేతికొచ్చేది 900. రాత్రికి 1,000 కట్టాలె. సాయంత్రానికి పాలకూర వాడిపోతది గాని అప్పు వాడదు.

రోగం నిజమే, కట్టడి కావల్సిందే. చెన్నైలో కోయంబేడు మార్కెట్ నుంచి చాలామందికి అంటింది. 2020 మేలో దాన్ని మూసి, టోకు కూరగాయలను ఊరవతల తిరుమళిశైకి మార్చిన్రు. అంత దూరం పోయి సరుకు తేవడం చిన్న బండోళ్లకు భారమే. 2021 ఏప్రిల్‌లో మన మహారాష్ట్రల కూరగాయలకు పొద్దున 7 నుంచి 11 దాకనే టైము పెట్టిన్రు. రోజంతా వచ్చే జనం నాలుగు గంటల్లో ఎగబడితే దూరం ఎట్ల ఉంటది? గంటలు తగ్గించుడు కన్నా, మైదానంలో ముగ్గు గీతలు గీసి దూరదూరం కూర్చోబెట్టుడు మేలు.

సాయం రాలేదని అనను. ఆ ఏడే మన రాష్ట్రంలో బండోళ్లకు 1,500 రూపాయలు ప్రకటించిన్రు. కాని పేరు నమోదైనోళ్లకే. అంతకు ముందే 2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి తెచ్చింది. అప్పట్ల పూచీకత్తు లేకుండా 10,000 అప్పు ఇచ్చిన్రు, ఏడాదిలో వాయిదాల మీద కట్టాలన్నరు, టైముకు కడితే వడ్డీలో 7 శాతం సబ్సిడీ ఉండె. సర్వేలో పేరు లేనోళ్లు నగరపాలిక నుంచి సిఫారసు పత్రం తెచ్చుకున్నా చెల్లింది. ఈ సంగతి తెల్వక మనోళ్లు ఎందరో రోజువడ్డీకే పోయిన్రు.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం నగరపాలిక మనల్ని సర్వే చేసి అమ్మకపు సర్టిఫికెట్ ఇయ్యాలె. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలె. అందులో మూడోవంతు ఆడోళ్లు.

అందుకే అక్కలారా, తమ్ముళ్లారా, కార్డు లేనోళ్లు ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకొని నగరపాలికకు పోండ్రి. ఒక్కరు పోతే రేపు రమ్మంటరు, వాడంతా కలిసి పోండ్రి. చదువొచ్చిన పిల్లల్ని వెంట తీసుకపోండ్రి. మళ్ల ఏ రోగమొచ్చి సంత ఎత్తేసినా, మన జాగా ఎక్కడని అడిగేతందుకు ఆ కాగితం ఉండాలె.